తొమ్మిదో భాగంలో శాస్త్రవేత్త

పేపరు రాగానే టీవీ సమీక్ష చదవాలి, బాగుంటే భార్య కుసుమకు చూపించాలి, బాగులేకపోతే ఆ పేజీ చింపి దాచేయాలి. ఆ గురువారం ఉదయం శ్రీరామమూర్తి పథకం ఇదీ. చిక్కడపల్లిలో అద్దెకుండే ఈ గుమాస్తా ముప్ఫై ఏళ్లు నాటకాల్లో ద్వారపాలకుడిగా నిలబడి నిలబడి, యాభై రెండో ఏట "ఏడో గ్రహం" అనే సైన్సు సీరియల్లో శాస్త్రవేత్త వేషం సంపాదించాడు. ఇది పోతే ఈ జన్మకి మరొకటి రాదు.

విమర్శకుడు విద్యాసాగర్ ఇలా రాశాడు: "ఈ సీరియల్లో ప్రాణమున్నట్టు కనిపించేది మరమనిషి ఒక్కడే. శాస్త్రవేత్త మాట్లాడుతుంటే మన చూపు వెనకున్న బీరువా మీదికి పోతుంది." ఆ మరమనిషి పాత కూలర్ రేకులతో చేసింది.

పేజీ చింపేలోగా ఇంటివాళ్ల ఫోన్ మోగింది. డైరెక్టర్ ఫణికిరణ్.

"ఏమీ అనుకోకండి సార్. ఇవాళే మిమ్మల్ని చంపేస్తున్నాం. బర్కత్‌పుర బంగళాకి వచ్చేయండి. తెల్ల పంచె తెచ్చుకోండి."

ఆయన ఫోన్ సంగతి కుసుమకు చెప్పి, చింపని పేజీ అక్కడే వదిలేసి, పంచె సంచిలో పెట్టుకుని వెళ్లిపోయాడు. కుసుమ గుమ్మంలో కూలబడింది. పక్కన కడుతున్న అపార్ట్‌మెంట్‌లో ఇటుకలు మోసే మాసమ్మ అప్పుడే బిందెతో వచ్చింది. ఎండాకాలమంతా ఆ కూలీలకు శ్రీరామమూర్తి ఇంటి పంపే దిక్కు.

"ఏమైందమ్మా?"

"ఆయన్ని ఇవాళ చంపేస్తారట మాసమ్మా. బర్కత్‌పుర బంగళాలో."

"అయ్యో! ఏం తప్పు జేసిండు సారు?"

"పేపర్లో ఎవడో రాశాడు."

"పేపర్ల రాస్తే సంపుతరా?"

"ఈ ఊళ్లో అంతేనే!" అని కుసుమ కొంగు నోట్లో కుక్కుకుంది.

మాసమ్మ ఇంట్లో టీవీ లేదు. బిందె అక్కడే వదిలేసి, మొగుడు బాలప్పనూ, ఇరవైమంది కూలీలనూ వెంటేసుకుని నారాయణగూడ మీదుగా పరుగు తీసింది.

బంగళాలో శ్రీరామమూర్తి మెడలో దండతో, ముక్కులో దూదితో పడుకుని ఉన్నాడు. శవం వేషం వేసినవాడు షాటు అవగానే లేచి కెమెరా వైపు చూసి నవ్వాలి. లేకపోతే యముడు నిజమనుకుంటాడని ఆ రంగంలో నమ్మకం. ఆ నవ్వు ఎక్కణ్నుంచి తేవాలా అని ఆయన దిగులు పడుతుండగా గేటు ధడేల్మంది.

"ఓ సారూ! పాపం పుణ్యం ఎరుగని సారూ! గింత అన్యాలమా!" అంటూ మాసమ్మ కాళ్ల మీద పడింది. వెనకాల ఇరవైమందీ గుండెలు బాదుకున్నారు. కెమెరా ఆగలేదు. తన కోసం ఎవరైనా ఏడవడం శ్రీరామమూర్తి ఎన్నడూ వినలేదు. పాపం, మూసిన కళ్లలోంచే నీళ్లు కారిపోయాయి.

"కట్!" అన్నాడు ఫణికిరణ్.

శ్రీరామమూర్తి ఆచారం ప్రకారం లేచి కూర్చుని పళ్లికిలించాడు. కూలీలు కెవ్వుమని సగంమంది గోడ దూకారు. అంతా విడమరిచి చెప్పాక బాలప్ప మండిపడ్డాడు.

"సంపకుంటనే దండేసుడేంది? మనిషా, బొమ్మా?"

శ్రీరామమూర్తికి మాత్రం ఆశ పుట్టింది. "చూశారుగా బాబూ, జనం నాకోసం ఎలా ఏడ్చారో! సైన్సు కథే కదా, గ్రహాంతరవాసులు నన్ను బతికించారని రాయకూడదూ?"

"మిమ్మల్ని బతికిస్తే ఆ ఏడుపంతా దండగైపోతుంది సార్," అన్నాడు ఫణికిరణ్.

తర్వాతి గురువారం విద్యాసాగర్ రాశాడు: "తొమ్మిది వారాల్లో తొలిసారి నటన చూశాం. శవం మీద పడి ఏడ్చినామె మహానటి. శవం కళ్ల నీళ్లు పెట్టుకోవడం మాత్రం క్షమించరాని తప్పు." సాయంత్రానికల్లా ఫణికిరణ్ ఇటుకల కుప్ప దగ్గరికి వచ్చి మాసమ్మను బతిమాలి తీసుకుపోయాడు. కుసుమ ఆ రోజు పొయ్యి వెలిగించలేదు.

పదో భాగంలో ఏడో గ్రహపు మహారాణిగా మాసమ్మ సింహాసనం ఎక్కింది. వెనక గోడకు శాస్త్రవేత్త ఫొటో వేలాడదీశారు. ఆ ఫొటో ఎంతో సహజంగా ఉందని విద్యాసాగర్ మెచ్చుకున్నాడు.