ఇద్దరు అధ్యక్షులూ ఒక లెక్కల టీచరూ

ఒక సంఘానికి ఒకే అధ్యక్షుడు ఉండటం అనారోగ్య లక్షణమండీ! ఇద్దరుండాలి. కుదిరితే ముగ్గురు.

నవ్వకండి. రాజమండ్రిలోని రాష్ట్ర చదరంగ సంఘం ఆఫీసులో పదకొండేళ్లుగా సంయుక్త కార్యదర్శిగా కూర్చుంటున్నవాడిని. ఊరికే అనను.

మూడేళ్ల కిందట ఢిల్లీలో మా జాతీయ చదరంగ మహామండలికి ఎన్నికలు జరిగాయి. ఓడినాయన తన ఓటమిని ఒప్పుకోలేదు. గెలిచినాయన గెలుపును మిగతావాళ్లు ఒప్పుకోలేదు. సాయంత్రానికల్లా ఇద్దరూ ప్రమాణస్వీకారం చేసేశారు. రెండు లెటర్‌హెడ్లు, రెండు రబ్బరు స్టాంపులు, రెండు వెబ్‌సైట్లు! ఏ క్రీడైనా ఒక్క పూటలో ఇంత అభివృద్ధి సాధించిందా?

ఆ అభివృద్ధి మన వైపు రావడానికి వారం కూడా పట్టలేదు. మండపేటలో రైస్ మిల్లున్న భీమరాజు గారు ఒక వర్గానికి రాష్ట్ర అధ్యక్షులయ్యారు. జంగారెడ్డిగూడెంలో పామాయిల్ తోటలున్న హరిబాబు గారు రెండో వర్గానికి అయ్యారు. అంతకుముందు ఇద్దరూ ఒకే కారులో మీటింగుకు వచ్చేవారు.

నేనా? రెండు వర్గాల్లోనూ సంయుక్త కార్యదర్శినే. 'సంయుక్త' అన్న మాటకు అర్థం నాకు అప్పుడే తెలిసింది.

సభ్యుల్లో అసంతృప్తి ఉందని గిట్టనివాళ్లు అంటుంటారు. కాదనను. సత్యవాణి గారని ఒక రిటైర్డ్ హెడ్మిస్ట్రెస్ విసిగిపోయి రెండు వర్గాలకూ రాజీనామా పంపారు. 'మీరు మా సభ్యులే కారు, కనుక మీ రాజీనామా చెల్లదు' అని ఒకరు జవాబిచ్చారు. 'కోర్టు తీర్పు వచ్చేదాకా ఎవరూ రాజీనామా చేయరాదు' అని రెండోవారు రాశారు. పోతానన్నా పోనివ్వని ఈ ఆప్యాయత ఇంకే సంఘంలో ఉందో చూపించండి!

ఇక తబిత సంగతి చెబుతాను.

తబిత నిడదవోలులో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు. ఇరవై ఏడేళ్లు. రైల్వేలో పనిచేసే వాళ్ల నాన్న యెహెజ్కేలు గారే ఆమెకు ఆట నేర్పారు. రాష్ట్ర పోటీల్లో మూడుసార్లు అర పాయింటు తేడాతో జాతీయ పోటీల అవకాశం పోగొట్టుకుంది. ఈసారి ఎలాగైనా వెళ్లాలని ఏడాది పొడుగునా స్కూలు అవ్వగానే బోర్డు ముందు కూర్చుంది.

రెండు వర్గాలూ ఒకే శని, ఆదివారాల్లో సెలక్షన్ పోటీలు పెట్టాయి. ఒకటి మండపేటలో, ఒకటి జంగారెడ్డిగూడెంలో. అవతలి పోటీలో ఆడినవాళ్లకు ఐదేళ్ల నిషేధమని రెండు సర్క్యులర్లు వెళ్లాయి. రెండింటి మీదా సంతకం నాదే.

"అమ్మా తబితా, నువ్వు మన సంఘానికి ఆణిముత్యానివి. నువ్వు రాకపోతే ఎలాగమ్మా?" అని భీమరాజు గారు స్వయంగా ఆమెకు ఫోన్ చేశారు. పావుగంటలో హరిబాబు గారూ చేశారు. ఆయన కూడా ఆణిముత్యమనే అన్నారు. తగాదానే లేకపోతే ఒక లెక్కల టీచరుకు ఒకేరోజు రెండుసార్లు ఈ గౌరవం దక్కేదా?

ఆమె నాకు ఫోన్ చేసింది. "ఏం చేయమంటారండీ?"

"నీకేది తోస్తే అది చేయమ్మా" అన్నాను. పదవిలో ఉన్నవాడు ఇంతకంటే స్పష్టంగా చెప్పలేడు.

మండపేట వెళ్లింది. ఆరు రౌండ్లలో ఐదున్నర పాయింట్లు తెచ్చుకుని ఫస్ట్ వచ్చింది. సోమవారం పొద్దున్నే హరిబాబు గారి వర్గం నుంచి నిషేధం అందుకుంది. 'నిషేధం మాకు చెల్లదు, వెళ్లమ్మా' అని భీమరాజు గారు దీవించారు. స్కూల్లో సెలవు పెట్టి జాతీయ పోటీలకు నాగపూర్ రైలెక్కింది.

నాగపూర్‌లో హాలుకు రెండు తాళాలున్నాయి. జాతీయ అధ్యక్షులిద్దరూ గేటు దగ్గరే చెరొక దీపం వెలిగించారు. మధ్యాహ్నానికి కోర్టు స్టే వచ్చింది. ఒక్క పావు కదపకుండానే జాతీయ పోటీలు విజయవంతంగా ముగిశాయి.

తబిత అక్కడి నుంచే నాతో మాట్లాడింది. "మెట్ల మీద కూర్చున్నానండి. కిటికీలోంచి బల్లలు కనిపిస్తున్నాయి. పావులన్నీ సర్దేసి ఉన్నాయండి. నా పేరు రాసిన చీటీ కూడా కనిపిస్తోంది."

"ఫొటో తీసి పంపమ్మా, వార్షిక నివేదికకు పనికొస్తుంది" అన్నాను.

ఈ ఏడాది ఏప్రిల్‌లో ఘోరం జరిగిపోయింది. రాజీ పడ్డారండీ! ఢిల్లీలో ఒకాయన అధ్యక్షుడు, ఇంకొకాయన శాశ్వత గౌరవ అధ్యక్షుడు. ఇక్కడా అదే ఏర్పాటు. రాజమండ్రిలో ఐక్యతా సభ పెట్టాం. భీమరాజు గారూ హరిబాబు గారూ కౌగిలించుకున్నారు.

మొదటి తీర్మానం: తగాదా రోజుల్లో జరిగిన పోటీల ఫలితాలన్నీ రద్దు. రెండో తీర్మానం: క్రమశిక్షణలో రాజీ లేదు కనుక ఇరువర్గాలు విధించిన నిషేధాలన్నీ అమలు. మండపేటలో ఆడినవాళ్లు అటు నుంచి పోయారు. జంగారెడ్డిగూడెంలో ఆడినవాళ్లు ఇటు నుంచి పోయారు. ఆడే అర్హత ఉన్న మనిషి రాష్ట్రంలో ఒక్కడూ మిగల్లేదు. చప్పట్లు మారుమోగాయి.

సభ అయ్యాక తబిత గుమ్మం దగ్గర నన్ను పట్టుకుంది.

"ఐదేళ్లూ ఆడకూడదాండీ?"

"ఆడకూడదమ్మా."

"మరి అప్పుడు ఇద్దరూ ఫోన్ చేసి పిలిచారు కదండీ?"

అప్పుడు ఇద్దరికీ ఆటగాళ్ల అవసరం ఉంది తల్లీ. ఈ మాట పైకి అనలేదు. ఆమె కళ్లు తుడుచుకుని, సంఘం నియమావళి ఒక కాపీ ఇమ్మంది. ఇచ్చాను. పదకొండేళ్లలో దాన్ని అడిగిన మొదటి మనిషి ఆమే.

మూడో రోజున ఆఫీసుకొచ్చి నా బల్ల మీద ఒక కాగితం పెట్టింది. "నిషేధం ఉన్నవాళ్లు ఆడకూడదని ఉందండి. ఎన్నికల్లో నిలబడకూడదని ఎక్కడా లేదండి." అది రాబోయే ఎన్నికల్లో అధ్యక్ష పదవికి నామినేషన్! కింద పదిమంది సభ్యుల సంతకాలున్నాయి. పదిమందీ నిషేధంలో ఉన్నవాళ్లే.

నియమావళి రెండుసార్లు తిరగేశాను. ఆడటానికి ఆమెకు అర్హత లేదు గానీ, అధ్యక్షురాలు కావడానికి ఏ అడ్డూ లేదు. నామినేషన్ తీసుకుని రసీదిచ్చాను. ఎందుకో సంతోషంగా అనిపించింది.

సాయంత్రం అధ్యక్షుల వారిద్దరూ ఒకే ఫోన్‌లో స్పీకర్ పెట్టి నన్ను పిలిచారు.

"ఏంటండీ ఇది? అధ్యక్ష పదవంటే ఆటలనుకుంటోందా ఆ అమ్మాయి?" అన్నారు భీమరాజు గారు.

"చదరంగం బాగా తెలిసిన మనిషేనండి" అన్నాను, ధైర్యం చేసి.

"బాగా తెలుసంటే?" అన్నారు హరిబాబు గారు.

"ఆడుతుందండి."

భీమరాజు గారు జాలిగా అన్నారు: "ఓహో, ఆడటమేనా! అంటే పాపం, ఏ అనుభవమూ లేదన్నమాట."