జాగ్వార్ మిత్ర ముద్ర

ఆవులూ, చిరుతని పోలిన జాగ్వార్లూ ఒకే గడ్డి మీద కలిసిమెలిసి బతకవచ్చని మా కొలంబియా ప్రభుత్వం ఉదారంగా ఒప్పుకుంది. కాకపోతే ఆ సంగతి యోపాల్ ఊళ్లోని వన్యప్రాణుల ఆఫీసులో రుజువు చేసుకోవాలి.

ఆ పని నెల్సీ తరాచే అనే అమ్మాయి నెత్తిన పడింది. యూనివర్సిటీలో పరిశోధన చేస్తున్న పిల్ల. (డిగ్రీ ఇంకా చేతికి రాలేదు గానీ, మా కసనారే జిల్లాలో పుస్తకం పట్టుకున్న ప్రతివాళ్లూ డాక్టరే.) పశువుల ఆసామి, ముసలి దోన్ ఎవెలియోని ఒప్పించి, పొద్దుగూకేలోపు దూడల్ని దొడ్లో కట్టించింది. మందలో వాడి కొమ్ముల నాటు ఆవుల్ని కలిపించింది. జాగ్వార్ వచ్చి, ఆ కొమ్ములు చూసి, వాగు ఒడ్డున తిరిగే మేకంత పెరిగే నీటి ఎలుకలతో సరిపెట్టుకుంది. రెండేళ్లలో ఒక్క దూడా పోలేదు.

ఇక ఆఫీసు వాళ్ల 'జాగ్వార్ మిత్ర' ముద్ర పడితే రాజధాని బొగోటాలో మాంసానికి మంచి ధర వస్తుంది. పడకపోతే ముసలాయన భూమి అమ్ముకోవాల్సిందే.

ఇన్‌స్పెక్టర్ రిగోబెర్తో ఆఫీసు నుంచి వచ్చి అంతా కలియతిరిగాడు.

"చచ్చిన ఆవు ఏదండీ?"

"లేదండీ. మా పరిశోధనే అది," అంది నెల్సీ.

"పొరపాటు, డాక్టరమ్మా. ఘర్షణ ఉంటేనే సహజీవనం. ఆవు చావకపోతే మీరు దేన్ని సహిస్తున్నట్టు?"

వాగు పక్క చెట్టుకి తను కట్టిన కెమెరా తీసిన ఫొటో చూపించింది నెల్సీ. ఆవుల పక్కనుంచి జాగ్వార్ నడిచిపోతోంది.

"చూశారా, అసలు పట్టించుకోవట్లేదు," అన్నాడాయన బాధగా.

దోన్ ఎవెలియో చట్టమంటే గౌరవమున్న మనిషి. మర్నాడు సాయంత్రం ఓ కుంటి నాటు ఆవుని వాగు పక్కన కట్టేశాడు.

"వద్దు తాతా! జాగ్వార్‌కి రుచి తగిలితే నా పనంతా మట్టిపాలే!" నెల్సీ అడ్డుపడింది.

"ఒక్కటేనమ్మా. సర్కారు వాటా అనుకో."

జాగ్వార్ రానే వచ్చింది. కుంటి ఆవు తాడు తెంపుకుని, దాన్ని వాగవతలి దాకా తరిమింది. అంతా కెమెరాకెక్కింది. నెల్సీ పొంగిపోయి ఆఫీసుకి పంపించింది.

జవాబు వెంటనే వచ్చింది (ఆఫీసు చరిత్రలో ఇదే మొదలు). రక్షిత జంతువుని వేధించినందుకు ఆవు మీద కేసు. ఆవుకి సంతకం రాదు కనుక యజమాని మీద.

ముసలాయన భూమిని ఆయిల్‌పామ్ కంపెనీకి అమ్మేశాడు. మందని లారీలెక్కిస్తుంటే నెల్సీ మొహం అటు తిప్పుకుంది.

"ఏడవకే పిల్లా. జాగ్వార్‌కి నేర్పావు, నాకు నేర్పావు. మూడోవాళ్లకి నేర్పాలంటే నా ఆయుష్షు చాలదు."

ఇప్పుడక్కడ ఆవూ లేదు, జాగ్వారూ లేదు. ఈమధ్య నిబంధనలు సవరించారు, ఘర్షణ అక్కర్లేదట. మా జిల్లాలో తొలి ముద్ర ఆ ఆయిల్‌పామ్ తోటకే దక్కింది: పశువులపై దాడులు, సున్నా.