దంతవైద్యుడు ఏడవ మెట్టు దాటిన వైనము

ప్రచండ మార్తాండుడు తన కిరణసైన్యమును పడమటి మేడల వెనుకకు మళ్ళించుకొనుచున్న వేళ, బాల్కనీలలో ఆరవేసిన దుప్పట్లు సమరధ్వజములవలె రెపరెపలాడుచున్న వేళ, వారమెల్ల కొలువులలో నలిగిన మహాజనులు అస్త్రసన్యాసము చేసి సోఫాలపై ఒరిగియున్న ఆదివారపు సాయంసమయమున, ఒకానొక మేడ మూడవ అంతస్తులో, లిఫ్టు కెదురుగా నున్న వాటాలో, లోక మెరుగని మహాసంగ్రామ మొకటి సంభవించెను. ఆ వృత్తాంతమును ఉన్నదున్నట్లు చెప్పెదను, కుర్చీ దగ్గరకు లాగికొనుడు.

ఆ సంగ్రామమునకు నాయకుడు దంతవైద్యుడు. పగలెల్ల పరుల పలువరుసలను అరగదీసి, సాయంకాలమైనంతనే స్వగృహమున గిటారు మెట్లను అరగదీయువాడు. ఉప్పుకాగితధూళిధూసరితగాత్రుడు, రంపపుపొట్టుమండితకేశుడు, చొక్కా జేబున సదా ఆకురాయిని ధరించు ఆకురాయిధరుడు. అత్తగారి పాత మంచమునకు తలాపిగా నుండిన పలకను చిత్రిక పట్టి పైపలకగాను, పాత బీరువా ద్వారబంధమును చెక్కి దండిగాను చేసి, ఆరు తీగలు బిగించి ఆ వీరుడు స్వహస్తములతో గిటారొకటి నిర్మించెను. చూచినవారెల్లరు దానిని గిటారే యని ఒప్పుకొనిరి.

కాని, గిటారు స్వయముగా చేసికొను వారి తెగకు వింతయైన ఆచార మొకటి కలదు. వారు పాటలు వాయింపరు. తీగలన్నిటిని ఒక్కసారి మీటి, చెవి చెక్కకు ఆనించి, కనులు మూసి, ఆ నాదము సన్నగిల్లి సన్నగిల్లి ఈగ రెక్క సవ్వడియై తుదకు అదియు లేక పోవుదాక ఆలకింతురు. పిమ్మట "ఆహా" అందురు. పిమ్మట పుచ్చకాయ బేరమాడువారివలె వీపున వేలికణుపులతో తట్టి చూతురు. పిమ్మట తీగ వదులు చేసి, ఆకురాయి చేతబట్టుదురు. ఎప్పుడైన ఒక పాటముక్క నెత్తుకొన్నను, తమ చేతిపనిలోని లోపమును చుట్టు తిరిగి పోవు పాటనే ఎత్తుకొందురు. రెండవ తీగ శ్రుతి నిలువనివాడు రెండవ తీగ లేని పాటలే మధురములని వాదించును. మన దంతవైద్యుని గిటారున ఏడవ మెట్టుకడ వేలు నొక్కి మీటిన యెడల స్వరమునకు మారుగా "గుర్ర్" మను మూలుగు వెడలును. కావున ఆ మహానుభావునకు ఇష్టమైన పాటలన్నియు ఆరవ మెట్టునకు వచ్చి, అచ్చటినుండి మర్యాదగా వెనుదిరుగుచుండెను.

ఆ వీరుని ధర్మపత్ని లెక్కల టీచరు. లెక్కను సగములో విడుచు పిల్లలను జవాబు వచ్చుదాక బల్లకడనుండి కదలనీయని దృఢవ్రత. ఆమె ఆ సాయంకాలము అతని పనిగది గుమ్మమున నిలిచి, రణభేరి మ్రోగించెను.

"ఏమండీ, ఇన్నాళ్ళుగా ఈ గదిలో పొట్టు పుట్టింది గానీ పాట పుట్టలేదు. మా అమ్మేమో హాల్లో దివాను మీద ముడుచుకుని పడుకుంటోంది. మీ గిటారేమో గదిలో దర్జాగా ఉంటోంది."

"అదేంటి, నిన్న వాయించాను కదా?"

"'టుంగ్' అనిపించారు. చెవి ఆనించి కళ్ళు మూసుకున్నారు. అన్నం చల్లారాక లేచారు. అది పాటా?"

"అది నాదం..."

"నాదం వద్దు నాకు. ఇవాళ ఒక్క పాట. మొదటి నుంచి చివరి దాకా, ఆగకుండా. వాయిస్తే గది మీది, ఇంకెప్పుడూ అడగను. ఆగారా, రేపు పొద్దున్నే మీ రంపాలూ చిత్రికలూ అటకెక్కుతాయి. అమ్మకో మంచం ఇందులోకొస్తుంది."

దంతవైద్యుని హృదయమున ఆశాంకుర మొకటి మొలిచెను. "సరే, ఒక మంచి పాట..."

"పాట నేను చెప్తాను. మీరు చెప్తే ఆరో మెట్టు దగ్గర వెనక్కి తిరిగే పాటే చెప్తారు. నాకు తెలీదనుకున్నారా?"

ఆ మాటతో మొలిచిన అంకురము మొలిచినచోటనే వాడిపోయెను.

ఆమె కోరినది, బాల్యమున తన తల్లి తన్ను నిద్రపుచ్చిన జోలపాట. మూడే చరణములు. కాని రెండవ చరణము చివర నది నిచ్చెన ఎక్కినట్లు ఎక్కి, సూటిగా ఏడవ మెట్టు నెత్తిన కాలు మోపును.

ఇంతలో దివాను మీదినుండి అత్తగారు, కళ్ళజోడు సవరించుకొనుచు, "మధ్యలో నన్నెందుకు లాగుతావే? నాకిక్కడ బాగానే ఉంది. వచ్చేపోయేవాళ్ళు కనిపిస్తారు, నాలుగు మాటలు వినిపిస్తాయి," అనెను.

"నువ్వు మొహమాటపడకమ్మా."

"మొహమాటమా? నాకా?"

కూతురు ఆ మాటను లెక్కలోనికి తీసికొనలేదు.

సరిగా ఆ క్షణముననే తలుపు గంట మ్రోగెను. వచ్చినవాడు బండ. లిఫ్టులు బాగుచేయు ఈ మిత్రుడు తానును గిటార్లు చేయువాడే. అతని తొలి గిటారును ఇద్దరు పట్టిన గాని ఒళ్ళో పెట్టుకొన వీలులేకపోవుటచే ఆ బిరుదము శాశ్వతమైనది. కొంచెము జిగురు అడిగి పోదమని వచ్చినవాడు, గిటారు కనబడగానే ముందు దాని వీపున తట్టి, పిదప మిత్రుని పలుకరించెను.

"ఏం గురూ, పైపలక ఇంకా పల్చబడ్డట్టుందే? ఇంకాస్త గీకితే..."

"అన్నయ్యగారూ," అనెను టీచరు, "మీరా కుర్చీలో కూర్చోండి. చేతులు కట్టుకుని కూర్చోండి."

"నేనేం ముట్టుకోనమ్మా. వింటానంతే," అని బండ చేతులు కట్టుకొనెను. కాని అతని వ్రేళ్ళు చంకలలో దురదతో కదలుచునే యుండెను.

అంతట దంతవైద్యుడు హాలు నడుమ స్టూలు వేసికొని ఆసీనుడై, గిటారును ఒడిని చేర్చికొని, మనస్సులో నిట్లు గర్జించెను: "ఓ తంతుషట్కమా! ఒకనాడు మంచపు తలాపివై అత్తగారి నిద్రాభారమును నిశ్శబ్దముగ వహించిన ఓ దారుఫలకమా! జిగురెండక ముందే నిన్ను ఎత్తి చూచితిని, క్షమింపుము. బిరడలు తిప్పి తిప్పి విసిగించితిని, సహింపుము. నేడు నా గదియు, నా రంపములును, నా వీరస్వర్గమును నీ ఏడవ మెట్టు మీద ఆధారపడియున్నవి. గుర్రుమనకుము! గుర్రుమంటివా, నేను అటక మీద నిన్ను చేరి విలపించెదను!"

అని ఇంత గర్జించి, పైకి మాత్రము, "ఆ ఫ్యాను కాస్త ఆపుతారా?" అనెను.

ఫ్యాను ఆగెను. సంగ్రామ మారంభమాయెను.

*పిల్లి పడుకుంది, బల్లి పడుకుంది...*

మొదటి స్వరమే మొదటి శత్రువు. అది యెంత తీయగా మ్రోగెననిన, ధూళిధూసరితగాత్రుని శిరస్సు చెక్కవైపు తనంతతానే వాలసాగెను. చెవి, చిరకాల ప్రియురాలిని చూచిన విరహివలె, పైపలకకై పరితపించెను. ఇంకొక జానెడు, ఇంకొక బెత్తెడు...

"ఊఁ," అనెను టీచరు.

శిరస్సు లేచెను. పాట సాగెను. అంతలో మూడవ తీగ వెంట్రుకవాసి దిగెను. శ్రోతలకు తెలియదు, చేసినవానికి తెలియును. ఎడమచేయి మెట్లను విడిచి, బిరడల వైపు దొంగవలె ఎగబ్రాకుచుండగా, టీచరు గొంతు సవరించుకొనెను. ఆ శబ్దము విని, గురువుగారి బెత్తము చూచిన బాలునివలె చేయి వెనుకకు పరుగెత్తి స్వస్థానమున చేరెను.

*గోడ మీద ఎండ కూడా కునుకు...*

స్వరములు నిచ్చెన ఎక్కుచుండెను. నాలుగవ మెట్టు దాటెను. అయిదు దాటెను. ఆరవ మెట్టున, ఇన్నాళ్ళును వెనుదిరిగిన ఆ సరిహద్దున, దంతవైద్యుని నుదుట స్వేదబిందువులు ముత్యములవలె మెరసెను. ఇక వేలు ముందునకు సాగెను, ఏడవ మెట్టును నొక్కెను, మీటెను.

గుర్ర్ర్ర్.

గిటారా అది? పీడకల గన్న మహిషమా? దంతవైద్యుని కుడిచేయి మెరుపువలె చొక్కా జేబునకు పోయెను. బండ కుర్చీలోనుండి ఎగిరి నిలిచి, "అదిగో! ఏడో మెట్టే! నే చెప్పలా? ఒక్క గీత గీస్తే పోతుంది గురూ, ఒక్కటంటే ఒక్కటి!" అని అరచెను. టీచరు కనులు చిన్నవి చేసెను. గదియు, రంపములును, చిత్రికలును, సర్వస్వమును అటక మెట్లవైపు అడుగు వేసినట్లాయెను.

అప్పుడు అత్తగారు పకపక నవ్వెను.

"పిల్లి గుర్రు పెడుతోందే! ఎంత బాగుంది! ఆపకండి అల్లుడుగారూ, ఆపకండి! ఆపారంటే నన్ను తీసుకెళ్ళి ఆ గదిలో పడేస్తుంది. ఒక్కదాన్నే గోడలు చూస్తూ కూర్చోవాలి!"

అని, అల్లుని జవాబునకు వేచియుండక, తానే పాటను అందుకొనెను. ఆమె గొంతు గిటారు శ్రుతికి ఏ దిక్కునను చేరదు. ఆమె తాళము ఆమెకు మాత్రమే తెలియును. కాని ఆ పాట ఎవ్వరికొరకును ఆగునది కాదు. పిల్లను నిద్రపుచ్చువరకు ఆపకుండ పాడి పాడి అలవాటైన పాట.

*కునుకు తీసిందే... అమ్మ చెయ్యి నొప్పి పుట్టిందే...*

దంతవైద్యుని చేయి జేబునుండి రిక్తముగా వెలికి వచ్చెను. ఆమె ముందు పోవుచుండెను. వెనుక పడినచో పాట తప్పిపోవును. అతడు పరుగెత్తెను. మెట్లు దిగుచు, తీగలు తడబడుచు, ఒకచోట మీటవలసినది మాని వేరొకటి మీటుచు, ఆమె కొంగు పట్టుకొన్న బిడ్డవలె వెంట నడచెను. ఏ చెక్క యెట్లు మ్రోగినదో, ఏ తీగ యెంత దిగినదో అతనికి తెలియలేదు. గిటారు చేసిన తరువాత మొదటిసారిగా అతనికి గిటారు వినబడలేదు; పాట వినబడెను.

*ఇంక నిద్దరపోవే.*

చివరి స్వరము మ్రోగి, గోడలను తాకి, సమసిపోయెను. పాట అయిపోయిన పిదప ఏమి చేయవలెనో దంతవైద్యునికి తెలియదు. అట్టి సందర్భము అతని జీవితమున ఎన్నడును తటస్థింపలేదు. అతడు తీగలపై చేతులుంచి అట్లే బిగుసుకొని కూర్చుండెను.

చివరి చరణమున టీచరు పెదవులు కదలుట బండ చూచెను గాని, ఆమె చూపు తనమీద పడగానే చూడనట్లు నటించెను.

"అయిపోయిందండీ," అనెను ఆమె తుదకు, మెల్లగా. "చేతులు తీయొచ్చు."

"గది?"

"మీదే."

"ఆ గుర్రు..." అని బండ నోరు తెరచెను.

"అన్నయ్యగారూ!"

బండ నోరు మూసెను.

ఆలకింపుడు ఓ జనులారా! ఆ సాయంకాలము ఏ కోటయు కూలలేదు, ఏ కిరీటమును దొరలలేదు, పై అంతస్తువారికి సంగతియే తెలియదు. కాని ఆ వాటాలో ఒక పాట మొదలాయెను. ఆ పాటయే అయిపోయెను. నడుమ దానిని ఎవ్వరును విప్పి బాగుచేయలేదు.