పై వాటా, కింది వాటా

పది గంటలకు ఇల్లు చూడటానికి మనిషి వస్తుందని బ్రోకరు చెప్పాడు. ఆలోగా పైకి వెళ్ళి తోడికోడలితో రెండు మాటలు మాట్లాడి రావాలని కింది వాటాలోని పెద్దకోడలు అనుకుంది. ఇల్లు బాగుచేయించి, రెండు వంటగదులు, రెండు మెట్లదారులు పెట్టించి ఆరునెలలైంది. అప్పటినుంచీ పలకరింపులన్నీ మొక్కుబడిగానే. వేరు కాపురం చిన్నదానికే కావాలేమోనని పెద్దకోడలు, అక్కకి తనంటే విసుగేమోనని చిన్నకోడలు, ఎవరి వాటాలో వాళ్ళు నోరు కుట్టుకుని కూర్చున్నారు. ఇద్దరికీ పడటం లేదని తేల్చేసుకున్న అన్నదమ్ములు, సముద్రం ఒడ్డునున్న ఆ ఇంటిని అమ్మకానికి పెట్టారు. వచ్చే ఆవిడకు నచ్చితే ఇచ్చేస్తామని మాట కూడా ఇచ్చేశారు.

పెద్దకోడలు వెనక మెట్లెక్కింది. సరిగ్గా అప్పుడే చిన్నకోడలు, అదే పనిమీద, ముందు మెట్లు దిగింది.

పైన ఎవరూ లేరు. ఇంతలో సముద్రపు గాలికి తలుపు ధడాలున మూసుకుంది. తీయబోతే కొత్త పిడి చేతిలోకి ఊడొచ్చింది. కింద కూడా అదే గాలి, అదే వడ్రంగి బిగించిన అదే రకం పిడి.

బ్రోకరు ఒక పెద్దావిడను వెంటబెట్టుకుని వచ్చేసరికి రెండు కిటికీల్లో రెండు ముఖాలు కనిపించాయి. కింద పెద్దకోడలు, పైన చిన్నకోడలు ఉంటారని దారిలోనే ఆవిడకు చెప్పి ఉన్నాడు పాపం.

"నేను కింది వాటాదాన్నండి" అంది పైనున్న పెద్దకోడలు.

"నేను పై వాటాదాన్ని" అంది కిందున్న చిన్నకోడలు.

"మరి అక్కడేం చేస్తున్నారమ్మా?"

ఒకరిమీద ఒకరు బెంగపెట్టుకుని వచ్చామని వీధిలోకి అరిచి ఎలా చెబుతారు?

"సరే, బయటికి రండి."

"రాలేం."

పిడి ఊడిందని వాళ్ళు చెప్పేలోగానే బ్రోకరు పక్కకెళ్ళి అన్నదమ్ములకు ఫోన్ చేశాడు. "ఒకళ్ళ వాటా ఒకళ్ళు ఆక్రమించి తలుపులేసుకున్నారండీ. ఎంత పిలిచినా రామంటున్నారు."

అన్న పడవ ఇంజన్ల షెడ్డునుంచి గ్రీజు చేతులతోనే వచ్చాడు. తమ్ముడు రేవు ఆఫీసునుంచి పరిగెత్తుకొచ్చాడు.

"వదినకి పై వాటా కావాలంటే ముందే చెప్పొచ్చుగా అన్నయ్యా."

"కింది వాటా మీద కన్నేసింది మీ ఆవిడ కదరా."

మాటా మాటా పెరిగి చిన్నప్పటి సైకిలు దాకా వెళ్ళింది. ఈలోగా పెద్దావిడే వడ్రంగిని పిలిపించి తలుపులు తీయించింది.

చిన్నకోడలు ఖాళీ కూరగిన్నెతో బయటికొచ్చింది. "నీకోసమే వచ్చానక్కా. నువ్వు లేవు. ఆరునెలలైంది నీ చేతి వంట తిని. ఆగలేక మొత్తం తినేశాను."

"నేను నీ గదిలోనే కూర్చున్నానే" అంది పెద్దకోడలు. "దువ్వెన నిండా జుట్టే. ఇంత ఊడుతుంటే నాకొక్క మాట చెప్పవా?"

ఇద్దరికీ కళ్ళు నిండాయి. అన్నదమ్ములు తమ చెప్పుల వైపు చూస్తూ నిలబడ్డారు.

"ఇక అమ్మంలెండి" అన్నాడు అన్న.

"అదేం కుదరదు బాబూ, మాటిచ్చారు" అంది పెద్దావిడ. "నా కోడళ్ళిద్దరూ ఒకే వంటగదిలో రోజూ కొట్టుకుంటున్నారు. ఈ ఇంట్లో పెడితే ఆరునెలలకైనా ఇలా బెంగపెట్టుకుంటారేమో చూస్తాను."

మాట తప్పలేక ఇల్లు ఇచ్చేశారు. ఖాళీ చేసేరోజు తోడికోడళ్ళిద్దరూ గోడలు నిమురుకుంటూ చాలాసేపు తిరిగారు. తర్వాత రెండు కుటుంబాలూ కలిసి, రెండు వీధుల అవతల, ఒకే వంటగది ఉన్న చిన్న అద్దె ఇంట్లో దిగాయి.

మొదటిరోజు కూరలో ఇద్దరూ ఉప్పు వేశారు. ఎవరూ కిక్కురుమనకుండా తిన్నారు.