అయిదో కూర్పులో సుందరరావు

మేడిద సుందరరావు అయిదో కూర్పు కోసం తన నవలలోంచి బయటికి వచ్చి, కథానాయకుల సవరణ కార్యాలయంలో టోకెన్ తీసుకుని కూర్చున్నాడు. పాటను నిషేధించిన ఒక నగరం గురించిన నవల అది. కొత్త కూర్పు వేసినప్పుడల్లా నాయకుడు స్వయంగా హాజరై తన స్వభావం మార్పించుకోవాలి. పాత కూర్పు జిరాక్సు, రెండు ఫొటోలు తేవాలి.

మొదటి కూర్పులో సుందరరావు గంటస్తంభం ఎక్కి గొంతెత్తి పాడాడు. నగరమంతా అందుకుంది, పాలకులు పారిపోయారు. ఇది నమ్మేలా లేదని పాఠకులు ఉత్తరాలు రాయడంతో రెండో కూర్పులో పాట సగంలో ఉండగానే అతన్ని కాల్చేశారు. మూడోదానిలో పెళ్లాం పిల్లలతో సరిహద్దు దాటాడు. నాలుగోదానిలో ఎక్కడికీ వెళ్లలేదు. కిటికీలు మూసుకుని మనసులో పాడుకున్నాడు. దానికి అవార్డు వచ్చింది.

గుమస్తా కామేశం ఫైలు తిరగేశాడు.

"ఈసారి చిన్న మార్పేనండి. మీ పక్కింట్లో లూసమ్మ టీచరుగారు పిల్లలకి దొంగచాటుగా పాటలు నేర్పుతారు కదా. ఆవిడ ఇల్లు మీరు చూపించాలి."

"ఎవరికండీ?"

"పోలీసులకి. ఇంకెవరికి?"

"మొదటిదాంట్లో ఆవిణ్ణి జైల్లోంచి విడిపించింది నేనేనండి."

"చూశాను. అది చదువుతుంటే సిగ్గేస్తోందని పాఠకులు ఒకటే గోల. మనం చెయ్యలేకపోయామే అని అన్నం సయించట్లేదట. వాళ్లలాంటి మనిషిని పెట్టమంటున్నారు."

"నేను చెయ్యనంటే?"

"పుస్తకం ఆపేస్తారు. మీ ఆవిడా పిల్లలూ అందులోనే ఉన్నారు కదండీ," అన్నాడు కామేశం, మర్యాదగానే.

సుందరరావు సవరణ పత్రం మొదటినుంచీ మళ్లీ చదివాడు. వెనక నిలబడ్డ వేరే నవల నాయకుడు "కాస్త తొందరగా కానివ్వండి, నాదీ ఇదే సవరణ," అన్నాడు. సుందరరావు సంతకం పెట్టాడు.

చిన్న పాత్రలకు సవరణల సంగతి తెలియజేసే పద్ధతి లేదు. అందుకని నూట పన్నెండో పేజీలో తలుపు తీసిన లూసమ్మ ముఖం వెలిగిపోయింది.

"వచ్చావా నాయనా! నువ్వొస్తావని పిల్లలకి చెబుతూనే ఉన్నాను."

సుందరరావుకు చెవులదాకా వేడెక్కింది. ఒక అడుగు పక్కకు జరిగాడు. అతని వెనక ఉన్న నలుగురు పోలీసులు బూట్లతోనే లోపలికి వెళ్లారు.

లూసమ్మ ఏడవలేదు, తిట్టలేదు. చెప్పులు వేసుకుని, వాళ్లతో నడుస్తూ అతని దగ్గర ఒక్క క్షణం ఆగింది.

"మీ చిన్నదానికి జ్వరం తగ్గిందా?"

"తగ్గిందండీ," అన్నాడతను నేల చూస్తూ.

జీపు వెళ్లిపోయింది. ఇంటి తలుపు బార్లా తెరిచే ఉంది. దాన్ని మూయమని సవరణ పత్రంలో ఎక్కడా లేదు. లోపల చాప మీద వరసగా పిల్లల పలకలు కనిపిస్తుంటే చూడలేక, సుందరరావు తనంతట తానే తలుపు దగ్గరికి లాగి గొళ్లెం పెట్టాడు.