నిలబెట్టిన కారుకు రెండు పోట్లు

దంతాలపల్లి చుట్టుపక్కల నిజం తప్ప మరొకటి పలకని నోరు ఒక్కటే ఉంది. అది నాది. కాబట్టి డిటెక్టివ్ కాటమయ్య గురించి నేను చెప్పే ప్రతి అక్షరాన్నీ కళ్ళు మూసుకొని నమ్మండి. కళ్ళు మూసుకుంటే చదవలేరు గనుక, ఒక కన్ను తెరిచి నమ్మండి.

కాటమయ్య ముప్పై ఏళ్ళు తాటిచెట్లు ఎక్కిన మనిషి. మోకాళ్ళు మొరాయించాక కిందికి దిగి, "పైనుంచి లోకాన్ని చూసిన కన్ను ఇది. దీనికి దొరకని నేరం ఇంకా పుట్టలే" అని ప్రకటించి, మెడలో భూతద్దం తగిలించుకొని డిటెక్టివ్ అయిపోయాడు. నన్ను అసిస్టెంటుగా నియమించాడు. అప్పటికి ఆయన చేపట్టిన కేసులు రెండు. మొదటిది పోయిన కోడి. అది దొరికింది, ఆయన తింటున్న కూరలో. రెండోది ఇంకా దర్యాప్తులోనే ఉంది, ఎందుకంటే పోయిందేమిటో ఆయన మరిచిపోయాడు.

ఆ ఆదివారం పొద్దున మేమిద్దరం హోటల్లో చాయ తాగుతుంటే, దర్జీ నబీసాబ్ మెడలో టేపుతోనే ఉరికొచ్చాడు.

"కాటమన్నా, కొంప మునిగింది! కారుకు ఎవలో టక్కర్ ఇచ్చి పోయిన్రు!"

కారు ఆయనది కాదు, బామ్మర్ది జమీల్‌ది. జమీల్ చెల్పూర్‌లో పని చేస్తాడు. నెల కిందటే నల్లటి కొత్త కారు కొన్నాడు. భూపాలపల్లిలో పెళ్ళికి పోయొస్తామని అక్క సఫియా బేగం అడిగితే ఇచ్చాడు. ఇస్తూ బావ గురించి ఒక మాట అన్నాడు: "ఆపా, జర పైలం. దుల్హేభాయ్ నిలవెట్టిన బండిని గూడ గుద్దిపిస్తడు." వెనకట నబీసాబ్ స్కూటరును గడ్డివాములోకి తోలిన చరిత్ర ఉంది మరి. కానీ ఈసారి పాపం, చిన్న గీత కూడా పడకుండా తెచ్చి ఇంటి ముందు నిలబెట్టాడు. సాయంత్రం నాలుగింటికి జమీల్ వచ్చి కారు తీసుకుపోవాలి.

మేం పోయేసరికి సఫియా బేగం కొంగుతో ముక్కు తుడుచుకుంటూ కారు పక్కనే నిలబడి ఉంది. తమ్ముడు వస్తున్నాడని తెల్లారకముందే కారును తోమి తోమి అద్దంలా మెరిపించింది. బిర్యానీ మసాలాకు మిక్సీ వేసిందట. ఆ మోతలో బయట ఏ చప్పుడూ వినపడలేదట. వచ్చి చూస్తే ఎడమ తలుపుకు రెండు సొట్టలు.

"బీమావాళ్ళకు ఫోన్ జేస్తే ఠాణా కాగితం దెమ్మన్నరు కాటమన్నా. ఏం తగిలిందో, ఎట్ల తగిలిందో రాసుండాలెనట. గది లేకపోతే మా తమ్ముడు ఈయన్నే అంటడు. మా పుట్టింటోళ్ళ ముందల ఇరవై ఏండ్లసంది ఈయన్ని ఎనకేసుకొస్తున్న. ఇయ్యాల నా ఇజ్జత్ పోతది."

"బేగం, కన్నీళ్ళు ఆపు" అన్నాడు కాటమయ్య గంభీరంగా. "నేరస్థుని నీడ ఇప్పటికే నా గుప్పిట్ల ఉన్నది."

"నీడ ఎందుకన్నా, మనిషిని పట్టుకో" అన్నాడు నబీసాబ్.

కాటమయ్య భూతద్దం పెట్టాడు. రెండు గుండ్రటి సొట్టలు. మధ్య మూరెడు ఎడం. సొట్టల్లో ఎర్రటి మరక. వేలితో అద్ది నాలుక మీద రాసుకున్నాడు.

"రక్తమా?" అన్నాడు నబీసాబ్.

"కాదు. రంగు. రక్తం మరక దాచెతందుకు మీదికెళ్ళి రంగు పూసిండు. బహు కిలాడి! పైగా రెండు చేతులతోని ఒక్కసారే దాడి జేసిండు. ఏమంటవ్ అసిస్టెంటూ?"

నేనేమంటాను? చేతులు వెనక్కి కట్టుకొని, "నువ్వన్నంక తిరుగేముంది" అన్నాను.

ఎదురింటి అరుగు మీద ముత్తమ్మ చింతపండు గింజ తీస్తూ పొద్దుటినుంచీ అక్కడే కూర్చొని ఉంది. కాటమయ్య ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు.

"అవ్వా, భయపడకు. నిజం జెప్పు. ఎవల పని ఇది?"

"భయమెందుకు నాయినా? భీముడు. ఉరికొచ్చి పొడిచి, చేన్ల దిక్కు పోయిండు."

కాటమయ్య ముఖం పున్నమి చంద్రుడిలా వెలిగిపోయింది. "పొడిచిండు! వింటున్నవా అసిస్టెంటూ? టక్కర్ కాదు, కత్తిపోటు! అవ్వా, మనిషి ఎట్లుంటడు?"

"మనిషా? నల్లగ నిగనిగలాడుతడు. గీ మెడ గింత లావుంటది."

"అంగి ఏం రంగుది?"

"అంగెక్కడిది వానికి!"

"బట్ట లేకుంట బరివాత! ఏ ఊరోడు?"

"మొన్ననే టేకుమట్ల నుంచి దెచ్చిన్రు గదా."

"తెచ్చిన్రు! కిరాయి హంతకుడు!" కాటమయ్య లేచి నిలబడ్డాడు.

"ఎవలింట్ల ఉంటడంటే..." అంటూ ముత్తమ్మ చెయ్యి ఎత్తబోయింది.

కాటమయ్య ఆ చేతిని మెల్లగా కిందికి దించాడు. "వద్దవ్వా. నేరస్థుని అడ్రసు సాక్షి చెప్పుడంటే డిటెక్టివుకు నామోషి. గది నేను కనిపెట్టాలె."

"అవునవును, పొద్దు పోతాంది, ఠాణాకు పోదాం పా" అని నేనూ తొందరపెట్టాను.

ఠాణాలో రైటర్ స్రవంతి ఉంది. దరఖాస్తులు రాసుకునేది ఆమే. కాటమయ్య టేబులు మీద భూతద్దం పెట్టి, "హత్యాయత్నం" అన్నాడు.

"ఎవల మీద?"

"కారు మీద."

స్రవంతి కలం ఆగిపోయింది. "తాతా, యాక్సిడెంటా, పొడుచుడా? నాకొక్కటి జెప్పు. యాక్సిడెంటుకో రిజిస్టరు, పొడుచుడుకో రిజిస్టరు."

"అమ్మా, టక్కరే రాయమ్మా, నాలుగింటికి మా బామ్మర్ది వస్తడు" అన్నాడు నబీసాబ్ ఏడుపు గొంతుతో.

"పొడుచుడే రాయి" అన్నాడు కాటమయ్య. "నిందితుడు భీముడు."

"తండ్రి పేరు?"

"దర్యాప్తుల ఉన్నది."

"ఏం పని చేస్తడు?"

"పొడుస్తడు."

"ఇల్లు?"

"టేకుమట్ల. ప్రస్తుతం చేన్లల్ల పరారీ. ఇంకోటి గూడ రాయి బిడ్డా. వీడు ఒంటిగ జేసే పని కాదిది. వెనక ఉండి వీన్ని మేపుతున్న పెద్ద తలకాయ ఒకటున్నది. ముందుగాల ఆ మేపేటోన్ని బొక్కల ఎయ్యాలె!"

నాకు ఎందుకో పొలమారింది. స్రవంతి నీళ్ళ సీసా అందించింది. వద్దని తలాడించి, చేతులు వెనక్కి కట్టుకొనే దగ్గాను.

నవ్వాపుకోలేక కొంతా, నబీసాబ్ ముఖం చూడలేక కొంతా, స్రవంతి మా వెంట స్థలం చూడడానికి వచ్చింది. ఈ రాతకోతలన్నీ తెమిలి ఇల్లు చేరేసరికి నాలుగుకు పది నిమిషాలు. సఫియా బేగం ఉండబట్టలేక కారు కుడివైపును ఇంకా తోముతూనే ఉంది. అటు పక్కయినా మెరిస్తే తమ్ముడి కోపం సగమన్నా తగ్గుతుందని ఆమె ఆశ.

"నేరం ఎట్ల జరిగిందో ఇప్పుడు నటించి చూపిస్త" అన్నాడు కాటమయ్య. "భీముడు ఇటు దిక్కు నుంచి తల వంచి..."

తల వంచి, రెండడుగులు వెనక్కి వేశాడు. కాలు సర్రున జారింది. వెల్లకిలా పడ్డాడు. ఆయన కాలేసింది పేడకడిలో. పొద్దుటినుంచీ కారు పక్కనే కుప్పగా ఉన్న అసలైన ఆధారం అదే. అంత భూతద్దానికీ అది కనపడలేదు.

సరిగ్గా అప్పుడే బస్సు దిగిన జమీల్ సందు మలుపులో కనిపించాడు. ఆయన వెనకే తెగిన పలుపు ఈడ్చుకుంటూ ఒక దున్నపోతు వచ్చింది. నల్లగా నిగనిగలాడుతూ, కొమ్ములకు ఎర్ర రంగుతో. జమీల్ గోడకు అతుక్కుపోయాడు. దున్నపోతు ఆయన్ని పట్టించుకోలేదు. మెరిసే తలుపు ముందు ఆగింది. తలుపులో ఇంకో దున్నపోతు కనపడింది. ఇది బుస కొట్టింది. అదీ కొట్టింది. ఇది తల వంచింది. అదీ వంచింది. ఇంత పొగరా అనుకుందేమో, ధన్ మని రెండు పోట్లు!

"గిదే గదనయ్యా పొద్దటిసంది జెప్తున్నది!" అని అరిచింది ముత్తమ్మ. "భీముడు!"

ప్రమాదం కేసు ప్రమాదవశాత్తు తేలిపోయింది.

సఫియా బేగం రెండో వైపు సొట్టలు చూసి ఏడవాల్సింది. ఏడవలేదు. తమ్ముడి దగ్గరికి ఉరికి, "దేఖా జమీల్? నీ కండ్లతోని చూసినవా? మీ దుల్హేభాయ్ నిలవెట్టిన కారును మీ దుల్హేభాయ్ గుద్దలే! దున్నపోతు గుద్దింది!" అంది. నబీసాబ్ ఛాతీ టేపుకు అందనంత ఉబ్బింది.

జమీల్ కాసేపు సొట్టల్ని, కాసేపు దున్నపోతును చూసి పకపక నవ్వాడు. "దుల్హేభాయ్, మాఫ్ జెయ్యి. ఊకెనే నోరు పారేసుకున్న. ఆపా, నా కారెంత మెరుస్తదో చూసినవా? చెల్పూర్‌ల అందరికి జెప్త, దున్నపోతులు నా కార్ల మొఖం చూస్కుంటయని!"

స్రవంతి మాత్రం కాగితం తీసి, "ఎవలదీ దున్నపోతు? మేపేటోడు ఎవడు?" అంది. ముత్తమ్మ ఈసారి ఎవరినీ ఆపనివ్వకుండా చెయ్యి ఎత్తి చూపింది. పేడలో కూర్చున్న కాటమయ్యను! భీముడు కూడా నింపాదిగా వెళ్ళి ఆయన చేతులు నాకాడు. మొన్న టేకుమట్లలో దాన్ని కొనుక్కొచ్చింది కాటమయ్య భార్యేనట. పేరు పెట్టిందీ ఆమేనట. దేశంలోని నేరాలన్నీ చూసుకునే మనిషికి సొంత కొట్టంలో ఏముందో చూసే తీరిక ఎక్కడిది?

స్రవంతి రాసింది: "ఇంటి ముందు నిలిపి ఉన్న కారును దున్నపోతు రెండు దఫాలు పొడిచినది. నబీసాబ్ తప్పు ఏమియు లేదు." ఆ చివరి వాక్యాన్ని సఫియా బేగం మూడుసార్లు చదివించుకొని, అందరికీ బిర్యానీ పెట్టింది. భీముడికి గడ్డి.

ఇదీ జరిగింది. ఇందులో ఒక్క ముక్క మాత్రం నేను కల్పించాను. సొంత దున్నపోతు పేరు తెలియని మనిషి ఎక్కడన్నా ఉంటాడా? మీరు నన్ను అక్కడే పట్టుకోవలసింది. భీముడు కాటమయ్యది కాదు, నాది. ముత్తమ్మ చూపించింది నన్నే. ఆ కాగితం మీద దున్నపోతు యజమానిగా సంతకం నాదే. ఆ పొద్దున కొమ్ములకు రంగు వేసిందీ నేనే. గోళ్ళ సందుల్లో ఎరుపు వదలక, రోజంతా చేతులు వెనక్కి కట్టుకొని తిరిగాను. పక్కనే ఉన్న మహా డిటెక్టివ్ చూడలేదు, పోలీసులు చూడలేదు.

భీముడు మాత్రం వాసన పట్టి నేరుగా నా వెనక్కి వచ్చి, ఆ చేతుల్నే నాకాడు. మా ఊళ్ళో అసలు డిటెక్టివ్ వాడొక్కడే.