రాజీ పరీక్ష

రెండో వరద వచ్చిన ఏడు. వంతెన కొట్టుకుపోయింది కాని, దర్జీ కొట్టుకూ సైకిల్ షాపుకూ నడుమనున్న చెక్కబల్ల మాత్రం కదల్లేదు. ఆ బల్ల సంగతే ఇది.

దర్జీ కూతురు లా చదువుతోంది. పేపర్లన్నీ పాసైంది. ఇక ఒక్క నిబంధన మిగిలింది. పట్టా చేతికి రావాలంటే కాలేజీ మాస్టారి ఎదుట ఒక నిజమైన తగాదాను రాజీ చేయాలి. దానికి మార్కులుండవు. పాసు, లేదా ఫెయిలు. ఫెయిలైతే ఆఖరి ఏడాది మళ్ళీ చదవాలి. గడువు ఆ సాయంత్రంతో సరి. చదువుకునే పిల్ల దగ్గరికి తగాదా తెచ్చేదెవరు?

పొద్దున్నే దర్జీ దారం తెంపుతూ అన్నాడు. "మనమే పెట్టుకుందాం. బల్ల నాదంటాను. మీ మావయ్య తనదంటాడు."

"బంధువుల తగాదా చెల్లదు నాన్నా."

"బంధువులమని మొహాన రాసుందా?" అన్నాడు మావయ్య. సైకిల్ షాపు ఆయనదే.

వద్దంటే వద్దని, గడువు అడగడానికి పిల్ల కాలేజీకి వెళ్ళింది. పెద్దవాళ్ళు వింటారా? మాస్టారికి ఫోను చేసి, తగాదా దొరికింది రమ్మన్నారు. ఇక రిహార్సలు.

"బల్ల నాది," అన్నాడు దర్జీ, సూదిలో దారం ఎక్కిస్తూ.

"అలాగేనా బావా తగాదా అంటే? కోపం రావాలి," అని బావమరిది గొంతు సవరించుకున్నాడు. "నా పెళ్ళి కోటుకి ఒక చెయ్యి పొట్టిగా కుట్టావు, గుర్తుందా?"

సూది ఆగింది. "ఇది మనం అనుకున్న దాంట్లో లేదు."

"ఫొటోలన్నిట్లో ఉంది."

"కోటు చెయ్యి పొట్టి కాదురా. నీ చెయ్యే పొడుగు. పక్కవాడి కంచం అందేంత!"

అంతే, అగ్గి రాజుకుంది. ఇస్త్రీ ఆయన దర్జీ వైపు చేరాడు. పాలాయన బావమరిది వైపు చేరాడు. బావమరిది ఇంట్లోకెళ్ళి కోటూ, రంపమూ తెచ్చాడు. కోటు సాక్ష్యానికి. రంపం పంపకానికి.

"పొద్దున నాటకమన్నారు. రంపమెందుకురా తమ్ముడూ?" అంది దర్జీ భార్య.

"నువ్వుండక్కా. సగం బల్ల నాది."

మాస్టారు అప్పటికే వచ్చి బల్ల చివర కూర్చున్నారు. శ్రద్ధగా రాసుకుంటున్నారు. తగాదాలో పరీక్షకులు కలగజేసుకోరాదని కాలేజీ నిబంధన. రంపం బల్ల మీద ఆడుతున్నా కలగజేసుకోలేదు. బల్ల రెండయింది. మాస్టారు నేల మీద పడ్డారు. పాంటు వెనక వైపు మోకాలి నుంచి పైదాకా చిరిగింది.

గడువు దొరక్క పిల్ల పరుగెత్తుకొచ్చింది. మాస్టారు కింద నుంచే అడిగారు.

"నాటకాలు చాలా చూశానమ్మా. ఇది నాటకం కాదు. కాని వీళ్ళు నీకేమవుతారు?"

వెనక బావాబావమరుదులిద్దరూ ఏమీ కామని తలలూపుతున్నారు. పిల్లకి అబద్ధం నోట రాలేదు. "నాన్న. మావయ్య."

"అయితే చెల్లదు."

పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళల్లోంచే చిరిగిన పాంటు కనబడింది.

"సార్, మీరు నాకు బంధువు కారుగా? మీ పాంటు చింపిందెవరు?"

"ఇంకెవరు? వీళ్ళిద్దరూ!" మాస్టారికి అప్పుడొచ్చింది కోపం. "ఊరుకుంటాననుకున్నారేమో!"

"అదిగో సార్, తగాదా."

రాజీ కుదిరింది. దర్జీ పాంటు కుట్టాలి. బావమరిది బల్ల రెండు ముక్కలకీ కాళ్ళు వేయాలి. అసలు గొడవకి మూలం కోటు కాబట్టి, దర్జీ దాన్ని కొలిచి రెండు చేతులూ సమం చేయాలి. మాస్టారు దుప్పటి చుట్టుకుని అన్నిటికీ ఒప్పుకున్నారు. పాంటు తొడుక్కున్నాక అనుమానం వచ్చింది.

"తగాదా నాదే, పరీక్షా నాదేనా? ఎలా పాసు చేసేది?"

"రాజీ అయిపోయింది కదా సార్. ఇప్పుడు మీకు తగాదా ఏదీ?"

మాస్టారు వెనక్కి చెయ్యి పోనిచ్చి కుట్టు తడుముకున్నారు. గట్టిగానే ఉంది. పాసని రాశారు.

మర్నాడు ఎవరూ లేవకముందే దర్జీ కోటు పరిచి కొలిచాడు. ఒక చెయ్యి పొట్టిగానే ఉంది. మళ్ళీ కొలిచాడు. అటూ ఇటూ చూసి, పొడుగు చేతిని దానికి సమంగా కత్తిరించాడు.